అనుభవం చెప్పండి, సలహా వద్దు

ఆరోగ్య సమానతా విభాగానికి ఒకరోజు ఉన్నట్టుండి జ్ఞానోదయమైంది. ఇన్నేళ్ళూ జనాన్ని అడక్కుండానే జనం రోగాలకు పథకాలు రాసేశామే అని విభాగమంతా కలిసికట్టుగా నాలిక కరుచుకుంది. కరుచుకుని ఊరుకుంటే అది విభాగం ఎందుకవుతుంది? సర్క్యులరు జారీ చేసింది. ఇకమీదట ఏ జనం కోసం పథకం వేసినా ఆ జనం తాలూకు జీవితానుభవాన్ని ఫైలుకు జతపరచాలట. జీవితానుభవం లేని ఫైళ్ళు తిప్పి పంపబడునట.

సర్క్యులరైతే వచ్చింది, మరి జీవితానుభవం ఎక్కడ దొరుకుతుంది? నల్లవాళ్ళ ఆరోగ్యంలో ఉన్న ఎక్కువ తక్కువల మీద పై దేశాల్లో పెద్ద పెద్ద సభలు జరుగుతున్నాయని డైరెక్టరు వైకుంఠరావు గారు ఎక్కడో విన్నారు. మనమెందుకు వెనకబడాలి అనుకుని, హైదరాబాదు పటం బల్లమీద పరిపించి వెతికించారు. నగారా గల్లీ దొరికింది. నూటపాతిక సిద్దీ కుటుంబాలు. వాళ్ళ తాతముత్తాతలు ఆఫ్రికా నుంచి వచ్చి నిజాము గుర్రపు దళంలో కొలువు చేశారు. కొలువూ పోయింది, గుర్రాలూ పోయాయి. నల్లని ఒళ్ళు, ఉంగరాల జుట్టు, ఇంటికొకరిద్దరికి బీపీ మిగిలాయి. డైరెక్టరు గారు చాలా సంతోషించారు. ‘నగారా గల్లీ అనుభవజ్ఞుల సలహా సంఘం’ అని పేరు కూడా అప్పటికప్పుడే పెట్టేశారు.

ఆ సంఘంలో సభ్యులుగా రమ్మని ఉత్తరం అందుకున్న వాళ్ళలో జైతూన్ బీ ఒకర్తె. యాభై రెండేళ్ళ మనిషి. ఆడపిల్లల హాస్టల్లో ఇరవయ్యేళ్ళుగా వంట చేస్తోంది. నాలుగొందల మంది పిల్లలకు పప్పు పోసీ పోసీ తెలుగు మనకంటే బాగా వచ్చేసింది. ఊరికే కబుర్లకు పోయే మనిషి కాదు. అయినా ఆ ఉత్తరం చూసి, హాస్టలు వార్డెన్‌ను బతిమాలి సెలవు పెట్టి మరీ బయల్దేరింది. కారణం ఆమె కోడలు షాహీన్.

షాహీన్‌కు ఐదో నెల. ఇది రెండో కడుపు. మొదటిసారి ఏడో నెలలో బీపీ పెరిగిపోయి ఫిట్సు వచ్చాయి. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఈసారి వారం వారం బీపీ చూపించుకుంటూ ఉండాలని పెద్దాసుపత్రి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. చూపించుకోవడానికి గల్లీ మొదట్లోనే ప్రభుత్వ దవాఖానా ఉంది. అందులో నర్సు ఉంది, మిషను ఉంది, మందులున్నాయి. అది పొద్దున తొమ్మిదికి తెరిచి సాయంత్రం నాలుగుకు మూస్తారు. షాహీన్ బేకరీలో బిస్కెట్లు డబ్బాలకెత్తే పనికి పొద్దున ఎనిమిదికి పోయి సాయంత్రం ఆరుకు వస్తుంది. గల్లీలో ఆడవాళ్ళందరిదీ దాదాపు ఇదే కథ. అంటే దవాఖానా తెరిచి ఉన్నప్పుడు గల్లీలో మనుషులుండరు, మనుషులున్నప్పుడు దవాఖానా ఉండదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఏళ్ళ తరబడి కాపురం చేస్తున్నారు.

మొదటి మీటింగు చల్లటి హాల్లో జరిగింది. ముందుగా సిద్దీ మగవాళ్ళ చేత మర్ఫా డప్పులు వాయించారు. అది ఎజెండాలో ‘సాంస్కృతిక అనుభవం’ అని మొదటి అంశంగా ఉంది. ఒక ఆఫీసరు జైతూన్ పక్కకు కుర్చీ జరుపుకుని ప్రేమగా పలకరించాడు.

“మీరు ఆఫ్రికా నుంచి ఎప్పుడొచ్చారమ్మా?”

“పొద్దుగాల ఎనిమిదింటి బస్సుకొచ్చిన సార్. లకిడీకాపూల్ కాడ జర ట్రాఫిక్ ఉండె” అంది జైతూన్.

తరవాత అనుభవ సమన్వయకర్త లాలిత్య మైకు అందుకుంది. ఈ పని కోసమే పై చదువులు చదివొచ్చిన పిల్ల. మనసు మంచిది, గొంతు ఇంకా మంచిది. “ఇక్కడ మీరే గురువులు, మేం విద్యార్థులం. మీ మనసులో ఏముందో చెప్పండి” అంది.

మనసులో ఏముందో జైతూన్‌కు ఇంటి దగ్గరే తెలుసు. లేచి నిలబడి ఒక్క ముక్కలో చెప్పేసింది. “దవాఖానా నాలుగింటికి మూస్తున్రు మేడం. మేమంత పనిలకెళ్ళి ఆరింటికొస్తం. రాత్రి ఎనిమిది దాక తెరిచి పెట్టుండ్రి. గంతే.”

హాల్లో అందరూ గోడ గడియారం వైపు చూశారు. సమస్య ఇంత తొందరగా బయటపడుతుందని ఎవరూ అనుకోలేదు. మీటింగు ఒంటిగంట దాకా ఉంది, భోజనాలు ఒంటిగంటకే వస్తాయి.

లాలిత్య ఎంతో నొచ్చుకుంటూ అంది: “ఆంటీ, మీరు చెప్పింది పరిష్కారం. మనం ఇప్పుడు అనుభవ సేకరణ దశలో ఉన్నాం. పరిష్కార రూపకల్పన దశ మూడోది, వచ్చే సంవత్సరం. ఇప్పుడు మీకు ఎలా అనిపిస్తోందో మాత్రమే చెప్పాలి.”

“ఎట్లనిపిస్తది? మూసిన తలుపు చూస్తే మండిపోతది.”

“చూశారా, అదీ అనుభవం!” అని డైరెక్టరు గారు మెచ్చుకున్నారు. “సభ్యులకు మనవి. అనుభవం చెప్పండి, సలహా వద్దు. సలహాలివ్వడానికి విభాగంలో అర్హత గలవారున్నారు.”

సలహా సంఘంలో సలహా వద్దంటారేమిటని జైతూన్‌కు అడగాలనిపించింది. కానీ అది కూడా సలహా కిందికి వస్తుందేమోనని ఊరుకుంది. మినిట్సులో ‘సభ్యురాలికి మంట’ అని రాసుకున్నారు. అది చదివిన కింది గుమాస్తా పక్కన ‘కడుపులోనా, ఛాతీలోనా? స్పష్టపరచవలెను’ అని రాసి తిప్పి పంపాడు.

నెల తిరిగి రెండో మీటింగు వచ్చింది. ఈలోపు విభాగం ఇంకో అడుగు వేసింది. ఎవరు పడితే వాళ్ళు వచ్చి అనుభవం ఉందంటే ఎలా? ప్రతి సభ్యుడూ అనుభవ ధ్రువపత్రం తేవాలి. తనకు వైద్యం అందలేదని స్థానిక దవాఖానా నుంచే రాయించుకుని రావాలి.

జైతూన్ మళ్ళీ సెలవు పెట్టి, మధ్యాహ్నం రెండింటికి దవాఖానాకు పోయింది. ఇరవయ్యేళ్ళలో ఆ తలుపు తెరిచి ఉండగా చూడటం అదే రెండోసారి. నర్సు భూలక్ష్మి ఒక్కతే కూర్చుని ఖాళీ బెంచీల వైపు చూస్తోంది.

“నేను నీ దవాఖానకు వస్తలేనని రాసియ్యి బిడ్డా” అంది జైతూన్.

“ఎట్ల రాయాలె అవ్వా? వస్తివి గదా!”

“రాలేదని రాయించుకోనికే వచ్చిన.”

భూలక్ష్మి కాసేపు ఆలోచించింది. బుర్ర తిరిగింది. ఎలాగూ వచ్చిందని జైతూన్ చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. నూటడెబ్బై, నూటఐదు. “ఓ అవ్వా, కోడలి సంగతి తర్వాత, ముందు నువ్వు పడిపోయేటట్టున్నవ్” అని తిట్టి, రెండు నెలలకు సరిపడా మాత్రలిచ్చి, ఉన్నదున్నట్టు కాగితం మీద రాసిచ్చింది: ‘ఈమె పని వేళల వల్ల దవాఖానాకు రాలేకపోతున్నదని తెలుపుటకు ఈ రోజు దవాఖానాకు వచ్చినది.’

ధ్రువపత్రాల పరిశీలనా ఉపసంఘం ఆ కాగితాన్ని ముప్పావుగంట చర్చించింది. చివరికి ఉపసంఘం పెద్ద గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు: “సభ్యురాలు దవాఖానాకు పోలేనని నిరూపించుటకు గాను దవాఖానాకు పోయియున్నారు. కావున పోగలరని రుజువగుచున్నది. అయినను మానవతా దృక్పథంతో సభ్యత్వము తాత్కాలికముగా కొనసాగించడమైనది.”

“నేనొక్కరోజు పోయిన సార్, సెలవు పెట్టి. నా కోడలికి ఆరో నెల. కాళ్ళకు వాపులొస్తున్నయ్. దానికి వారం వారం సెలవెవరిస్తరు? పని పోతది. ఆ పిల్ల గురించే నేనిక్కడికి వస్తున్న” అంది జైతూన్.  ఆఫీసుల్లో ఏడవడం ఆమెకు అలవాటు లేదు, అందుకని కోపం తెచ్చుకుంది.

లాలిత్య కళ్ళు చెమర్చాయి. నిజంగానే చెమర్చాయి, ఆ పిల్లను అనకూడదు. “మీ కోడలి అనుభవం కూడా తీసుకుందాం సార్” అంది. కానీ గర్భం మాతాశిశు విభాగం కిందికి వస్తుందట. పైగా అది ఇంకో మూడు నెలల్లో అయిపోయే అనుభవం. కనీసం మూడేళ్ళు నిలిచే అనుభవమైతేనే సభ్యత్వానికి పనికొస్తుందని నిబంధన చదివి వినిపించారు.

మూడో మీటింగుకు హాలు గుమ్మం దగ్గరే బల్ల వేసి బీపీ మిషను పెట్టారు. ఎవరి అనుభవం ఎంత ఉందో కొలిచి లోపలికి పంపుతున్నారు. అందరికీ నూటఅరవై పైనే వస్తోంది, లాలిత్య శ్రద్ధగా టిక్కులు పెట్టుకుంటోంది. జైతూన్ వంతు వచ్చింది. నూటముప్పై, ఎనభై ఐదు.

లాలిత్య మొహం పాలిపోయింది. మళ్ళీ చూసింది. అంతే వచ్చింది. “ఆంటీ, ఏం చేశారు?”

“గోలీలు మింగిన.”

“అయ్యో!” అంది లాలిత్య. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా జాలిగా చూశారు.

విషయం డైరెక్టరు గారి దాకా పోయింది. ఆయన నెమ్మదస్తుడు, కోప్పడలేదు. “చూడండమ్మా, వైద్యం అందని వారి అనుభవం కోసం ఏర్పడిన సంఘం ఇది. మీరు వైద్యం పొంది అనుభవాన్ని పోగొట్టుకున్నారు. ఇప్పుడు మీరు మాజీ అనుభవజ్ఞులు. మాజీలు వెనక వరుసలో కూర్చోవచ్చు, టీ తాగవచ్చు. మాట్లాడే హక్కు ఉండదు” అన్నారు.

“మల్ల మాట్లాడాల్నంటే?”

నిబంధనల పుస్తకం తిరగేశారు. పదిహేను రోజులు మందు మానేసి, పాత స్థాయి పునరుద్ధరించుకుని వస్తే అభ్యంతరం లేదని తేలింది.

ఇది వినగానే మీకూ నాకూ ఒళ్ళు మండుతుంది. జైతూన్‌కు మండలేదు. దారిపొడుగునా బస్సులో లెక్కవేసుకుంది. తను మాట్లాడకపోతే ఆ హాల్లో దవాఖానా ఊసెత్తే వాళ్ళు లేరు. మిగతావాళ్ళు భోజనం బాగుందని వస్తున్నారు. షాహీన్‌కు ఏడో నెల వస్తోంది. పదిహేను రోజులే కదా. ఇంటికి పోయి మాత్రల పొట్లం బియ్యం డబ్బాలో దాచేసింది.

ఐదో రోజుకు తల దిమ్ముగా ఉండి గోడ పట్టుకుని నడవసాగింది. షాహీన్ బియ్యం తీయబోతే పొట్లం చేతికి తగిలింది, నిలదీస్తే సంగతంతా బయటపడింది. ఇక చూడండి. ఆ ఇంట్లో మాటలన్నీ ఉర్దూలోనే జరుగుతాయి, మన వీలు కోసం తెలుగులో చెబుతున్నాను కానీ, ఆ పిల్ల తిట్టిన తిట్లకు తెలుగులో సరిపడా మాటలు లేవు.

“నా కోసమా? నా కోసం నువ్వు చచ్చిపోతవా అమ్మీ?” అని షాహీన్ పొట్లం విసిరికొట్టినంత పని చేసింది. “మొదటి బిడ్డ పోయిననాడు నన్ను ఒళ్ళో పండబెట్టుకున్నది ఎవరు? మా అమ్మ కూడా రాలేదు, నువ్వే ఉన్నవ్. ఇప్పుడు నువ్వు పడిపోతే నేనెవరి ముఖం చూసుకుని కనాలె?” అని భోరుమంది. జైతూన్‌కు కూడా అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు వచ్చేసింది. అత్తాకోడళ్ళిద్దరూ బియ్యం డబ్బా పక్కన కూలబడి కడుపునిండా ఏడ్చారు. ఆ తరవాత కోడలు నీళ్ళు తెచ్చి, నోరు తెరిపించి మాత్ర వేసింది. అలా జైతూన్ బీ మాజీగా స్థిరపడిపోయింది.

విభాగం మాత్రం ఆగలేదు. ప్రజల అనుభవం సేకరించాక అధికారులకు సొంత అనుభవం ఉండొద్దా అన్న ప్రశ్న పుట్టింది. ఉండాల్సిందే అని తీర్మానమైంది. ఒక శుక్రవారాన్ని ‘అనుభవ దినం’గా ప్రకటించారు. ఆ రోజు సాయంత్రం ఆరు గంటలకు అధికారులందరూ నగారా గల్లీకి వచ్చి, మూసి ఉన్న దవాఖానా తలుపు ముందు పది నిమిషాల పాటు నిలబడి, మూసి ఉండటాన్ని అనుభవిస్తారు.

ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. తలుపు ముందు షామియానా వేశారు. నిలబడి అనుభవించలేని వారికి కుర్చీలు, చెమట పట్టేవారికి కూలర్లు, మధ్యలో సమోసాలు. దవాఖానా పొరపాటున తెరుచుకుని కార్యక్రమం చెడిపోకుండా తాళం మీద ఇంకో తాళం వేశారు. ఫొటోలో వైద్య వాతావరణం కోసం భూలక్ష్మిని బయట బల్ల దగ్గర మిషనుతో కూర్చోబెట్టారు. గల్లీ జనం పనుల నుంచి వస్తూ వస్తూ తమ దవాఖానా మూసి ఉండటాన్ని ఇంతమంది పెద్దలు చూడటానికి రావడం చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు.

డైరెక్టరు గారు పది నిమిషాలు కళ్ళు మూసుకుని తలుపు ముందు నిలబడ్డారు. ఆ తరవాత ఫొటో కోసం చెయ్యి చాపారు. భూలక్ష్మి పట్టీ చుట్టింది. చూసింది, మళ్ళీ చూసింది.

“సార్, నూటతొంభై మీద నూటపదిహేను. తల నొస్తున్నదా?”

“కొద్దిగా. నాలుగు రోజులుగా” అన్నారు డైరెక్టరు గారు. అని, ఎదురుగా ఉన్న తాళం రెండుగా కనబడుతోందేమిటన్నారు. తాళాలు నిజంగానే రెండున్నాయని ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు. ఆయన నుదుటి మీద చెమటలు పట్టాయి.

“మాత్రలు లోపలున్నయ్. తలుపు తీయుండ్రి” అని భూలక్ష్మి లేచింది.

ఎలా తీస్తారు? తాళంచెవులు రెండూ నాలుగున్నరకల్లా హెడ్డాఫీసులో జమ అవుతాయి. వేళ దాటాక తలుపు తెరవాలంటే మూడు పని దినాల ముందు దరఖాస్తు చేయాలి. “ఏ వెధవ పెట్టాడయ్యా ఆ రూలు?” అని డైరెక్టరు గారు మూలిగారు. వెధవ ఎవరో పక్కనే ఉన్న ఆయన పియ్యేకు తెలుసు. సర్క్యులరు నంబరు మాత్రం గొణిగాడు. కింద సంతకం ఎవరిదో డైరెక్టరు గారికి కూడా గుర్తొచ్చినట్టే ఉంది, ఇంకా చెమట పట్టింది. తాళం పగలగొడదామని డ్రైవరు రాయి తీసుకుంటే, ప్రభుత్వ ఆస్తికి నష్టం వాటిల్లునని ఉపసంఘం పెద్ద అడ్డుపడ్డాడు.

వెనక నుంచి జైతూన్ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. “కుర్చీల కూసోబెట్టుండ్రి సార్‌ను. చుట్టు మూగకుండ్రి, గాలి రానియ్యిండ్రి. ఆ సమోస సార్ చేతులకెళ్ళి తీసెయ్యి.”

“మాజీ సభ్యులు మాట్లాడరాదు. పైగా అది సలహా” అన్నాడు ఉపసంఘం పెద్ద, అలవాటు కొద్దీ.

“చెప్పనివ్వవయ్యా!” అని డైరెక్టరు గారు గల్లీ అదిరేలా అరిచారు. ఉద్యోగంలో చేరాక ఆయన గొంతులో అంత జీవితానుభవం పలకడం అదే మొదలు.

భూలక్ష్మి పెద్దాసుపత్రి డాక్టరుకు ఫోను చేసింది. డాక్టరు చెప్పిన మాత్రే జైతూన్ ఇంట్లో ఉంది. షాహీన్ అప్పుడే బేకరీ నుంచి వస్తోంది. వాచిన కాళ్ళతో గబగబా ఇంటికి పోయి, పొట్లం పట్టుకొచ్చింది. డైరెక్టరు గారు మాత్ర మింగి, చల్లగాలికి కూర్చుని, కాసేపటికి కళ్ళు తెరిచారు. అంబులెన్సు వస్తోందన్నారు.

“ఇది రోజూ ఇలాగే మూసి ఉంటుందా?” అని బలహీనంగా అడిగారు.

“రోజు, సార్” అంది జైతూన్.

“సాయంత్రం పూట తెరిచి ఉంచితే సరిపోతుంది కదా. ఈ చిన్న విషయం నాకు ఇంతమందిలో ఒక్కరూ చెప్పలేదేం?”

 లాలిత్య తల దించుకుంది.

“నేను చెప్పిన సార్, మొదటి మీటింగులనే” అంది జైతూన్ మెల్లగా. “గది పరిష్కారమని రాసుకోలేదు.”

సోమవారానికల్లా ఆర్డరు వచ్చింది. ‘డైరెక్టరు గారి ప్రత్యక్ష జీవితానుభవము ఆధారముగా’ నగారా గల్లీ దవాఖానా రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంచవలెనని. గల్లీ పేరు తప్ప గల్లీ మనుషుల ఊసు అందులో లేదు. భూలక్ష్మి దాన్ని చదివి వినిపిస్తే ఆడవాళ్ళు పళ్ళు కొరికారు. జైతూన్ మాత్రం నవ్వింది. “ఎవరిదన్న కానీ. తలుపైతే తెరిచిన్రు గదా” అంది.

మంగళవారం సాయంత్రం ఆరుంబావుకు వరస గుమ్మం దాటి గల్లీలోకి వచ్చింది. జైతూన్ కోడలి చెయ్యి పట్టుకుని అందరికంటే ముందు నిలబడింది. ఏడో నెల మొదటి వారం. భూలక్ష్మి పట్టీ చుట్టింది. షాహీన్ కళ్ళు గట్టిగా మూసుకుంది. 

“నూటయాభై, వంద. ఎక్కువుంది” అంది భూలక్ష్మి. “కానీ భయపడకు. ఇంకా చేతుల్ల ఉన్నది. చీటీ రాస్తున్న, ఇప్పుడే పెద్దాసుపత్రికి పొండ్రి. డాక్టరమ్మకు ఫోను చేసి చెప్తా, పండబెట్టుకుని చూస్తరు. మొదటిసారి లెక్క కాదు, ఈసారి టైముకొచ్చిన్రు.”

 జైతూన్ చీటీని రెండు చేతులా పట్టుకుంది.

అప్పుడే లాలిత్య ఫైలు పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. వరసను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. “ఆంటీ, అప్పుడే అందరూ వచ్చేస్తున్నారా? ఇంకా తొలి సర్వే కూడా కాలేదు. ఇలా అందరికీ వైద్యం అందిపోతే మా దగ్గర అనుభవజ్ఞులెవరు మిగులుతారు? కనీసం ఆరు నెలలు మీ గల్లీవాళ్ళు సాయంత్రాలు రాకుండా ఉంటే...” అంది. అంటూండగానే తనేమంటోందో తనకే వినబడినట్టుంది, ఆ మాట సగంలో ఆపేసింది. తరవాత నీరసంగా ఒక ఫారం ముందుకు చాపింది. “పోనీ, ఇప్పుడు మీకెలా అనిపిస్తోందో ఒక్క మాటలో చెప్పండి ఆంటీ. రాసుకుని పోతాను.”

జైతూన్ ఆ పిల్ల మొహం వంక చూసింది. కోపం రాలేదు.

“జర పక్కకు జరుగు బిడ్డా. నా కోడలు పెద్దాసుపత్రికి పోవాలె. నీ ఎనుక లైనున్నది” అంది.

లాలిత్య వెనక్కి తిరిగి చూసింది. పదిహేడో నంబరు చీటీ చేతిలో పట్టుకుని, ఇద్దరు పాచిపని ఆడవాళ్ళ మధ్య, డైరెక్టరు వైకుంఠరావు గారు నిలబడి ఉన్నారు. లాలిత్య పక్కకు జరిగింది.